యూసుఫ్ సూరా పక్కన పెట్టుకుని అరబీ నామవాచకాల చివర్లు పట్టుకోవడం ఎలా

అరబీ వ్యాకరణం మొదలుపెట్టినవాళ్లకు తొలి పాఠాల్లోనే మూడు గుర్తులు చేతికొస్తాయి. కర్తగా నిలిచిన మాటకు చివర ‘ఉ’, కర్మకు ‘అ’, ‘లో, నుంచి, వైపు’ అనే అర్థమిచ్చే చిన్న మాట వెనక వచ్చినదానికి ‘ఇ’. కితాబున్, కితాబన్, కితాబిన్. ఆ ధైర్యంతో ఖుర్‌ఆన్ తెరిస్తే 12వ సూరా (అధ్యాయం) 7వ ఆయత్‌లో, అంటే 7వ వాక్యంలో, ‘ఫీ యూసుఫ’ అని ఉంటుంది. ‘ఫీ’ అంటే ‘లో’. దాని వెనక ‘యూసుఫి’ అని ఉండాలి కదా? అదే సూరా 35లో ‘రఅవుల్ ఆయాతి’, అంటే ఆ సూచనలను చూశారు అని. ‘ఆయాత్’ కర్మ. మరి ‘అ’ ఏదీ?

చాలామంది ఇక్కడే పట్టికలు బట్టీ పట్టడానికి కూర్చుంటారు. మన మదరసాల్లో చివరి మార్పులను బట్టి నామవాచకాలు 16 రకాలని వరసగా అప్పజెప్పిస్తారు. ఆ పట్టికలో తప్పేమీ లేదు. కానీ ఒక మాట కళ్ల ముందుకు వచ్చినప్పుడు పట్టికలో ఏ గడి దగ్గరికి పోవాలో పట్టికే చెప్పదు. ముందు కావలసింది ప్రశ్నల వరస. ఆ వరస అలవాటైతే 16 రకాలూ వాటంతటవే సర్దుకుంటాయి.

ఈ వరసంతటికీ ఆధారం ఒక్కటే: స్థానం వేరు, గుర్తు వేరు. ‘జర్ర్’ అన్నది వాక్యంలో మాట ఉన్న ఒక స్థానం, ‘ఫీ’ లాంటివాటి వెనకది. ‘కస్రా’, అంటే ‘ఇ’ గుర్తు, మన ఉర్దూ పలుకులో జేర్, ఆ స్థానాన్ని చూపించే గుర్తుల్లో ఒకటి మాత్రమే. ‘ఫీ యూసుఫ’లో యూసుఫ్ నిఖార్సైన జర్ర్ స్థానంలోనే ఉన్నాడు. గుర్తు మాత్రం ఫత్హా, అంటే ‘అ’. ఈ రెంటినీ విడదీసి చూడడం వచ్చిన రోజున అరబీ వ్యాకరణంలో సగం భయం పోతుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కూడా కాదు. బడి, బడిలో అంటాం. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి ‘ఇల్లులో’ అనం, ‘ఇంట్లో’ అంటాం. కన్ను కంటికి అవుతుంది, ఊరు ఊరికి అవుతుంది. వీటిని మన వ్యాకరణం ఔపవిభక్తికాలని విడిగా లెక్కపెట్టింది. విభక్తి అదే, మాట తరగతి వేరు కాబట్టి రూపం వేరు. అరబీలోనూ జరుగుతున్నది అదే.

కావలసినవి

హరకత్‌లు (పొట్టి అచ్చుల గుర్తులు) పూర్తిగా అచ్చువేసిన ఒక ముస్‌హఫ్ (ఖుర్‌ఆన్ ప్రతి), ఒక నోటుపుస్తకం. సాధనకు 111 ఆయత్‌ల యూసుఫ్ సూరా ఒక్కటే ఎంచుకోమంటాను. తండ్రి, అన్నదమ్ములు, ఇద్దరు ఖైదీలు, ప్రవక్తల పేర్లు, డబ్బు, గిడ్డంగులు, అన్నీ ఆ కథలో ఉన్నాయి. అందుకే మనం నేర్చుకోబోయే తరగతులన్నీ దాదాపుగా అందులోనే దొరుకుతాయి. కథ ముందే తెలిసి ఉంటే కర్త ఎవరో కర్మ ఎవరో వెతుక్కోవలసిన పని కూడా తగ్గుతుంది.

ప్రతి మాటనూ నోటుపుస్తకంలో తెలుగు లిపిలోనూ రాయండి. అరబీ హల్లులన్నీ మన లిపిలో పట్టవు, నిజమే. ఇక్కడ నేను రాసే రూపాలు కూడా ఉజ్జాయింపే. కానీ మనకు కావలసింది మాట చివర అచ్చు పొట్టిదా పొడుగుదా, వెనక ‘న్’ ఉందా లేదా అన్నది. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని తేడా చూపించడంలో తెలుగు లిపిని మించినది దొరకదు. అరబీలో పొట్టి అచ్చు అక్షరం పైనో కిందో పెట్టే గుర్తు, పొడుగు అచ్చు విడి అక్షరం. తెలుగులో రాసుకుంటే ఆ తేడా కళ్లకు కడుతుంది.

మాట చివర విన్నది కాకుండా రాసి ఉన్నది చూడండి. ఆయత్ చివర ఆగినప్పుడు ఆఖరి పొట్టి అచ్చును పలకరు. ‘ఖాతియీన’ అని ఉన్నదాన్ని ‘ఖాతియీన్’ అని ఆపేస్తారు. చెవిని నమ్ముకుంటే సగం సమాచారం పోతుంది.

మొదటి మెట్టు: గుర్తు చూడకముందే స్థానం చెప్పండి

మాట చివరను వేలితో మూసేయండి. ఇది రఫ్అ స్థానమా, నస్బ్ స్థానమా, జర్ర్ స్థానమా అని అడగండి. జవాబు రాసుకున్నాకే వేలు తీయండి.

జర్ర్ అన్నిటికంటే తేలిక. దానికి ముఖ్యంగా రెండే కారణాలు: ముందు ఫీ, మిన్, ఇలా, అలా, బి, లి లాంటి మాట ఉండాలి, లేదా ముందున్న నామవాచకానికి ఇది ‘యొక్క’ సంబంధంతో అతుక్కుని ఉండాలి. ఆ జంటలో ముందుదాన్ని ముదాఫ్, వెనకదాన్ని ముదాఫ్ ఇలైహ్ అంటారు. రఫ్అ అంటే కర్త, లేదా క్రియ లేని వాక్యంలో ఉద్దేశ్యం, విధేయం. నస్బ్‌లో కర్మతో పాటు ‘ఇన్న’ (నిశ్చయంగా) వెనక వచ్చే ఉద్దేశ్యం, ‘కాన’ (ఉండెను) తర్వాతి విధేయం, ఇంకా ఎలా, ఎప్పుడు అని చెప్పే మాటలు చాలా చేరతాయి.

ఇక్కడ తెలుగు విభక్తిని గుడ్డిగా నమ్మకండి. 16వ ఆయత్‌లో ‘వ జాఊ అబాహుం’ అని ఉంది. మనం ‘తండ్రి దగ్గరికి వచ్చారు’ అంటాం కాబట్టి అక్కడ జర్ర్ ఉంటుందనుకుంటాం. అరబీలో ఆ క్రియ నేరుగా కర్మను తీసుకుంది, అందుకే అది నస్బ్.

ఈ అచ్చులు మీ చెవికి కొత్త కాదని కూడా గుర్తుంచుకోండి. ‘నిజాముల్ ముల్క్’లో ఆ ‘ము’ లోని ఉకారం రఫ్అ గుర్తే: నిజాము, అల్ ముల్క్. అబ్దుల్ అన్న పేరులో ‘దు’ కూడా అంతే. పత్రికల్లో తరచూ కనిపించే ‘ఇత్తెహాదుల్ ముస్లిమీన్’లో ముందు మాటకు రఫ్అ ఉకారం ఉంది, వెనక మాటకు జర్ర్ చూపించే ‘ఈన్’ ఉంది. హైదరాబాద్ బోర్డుల మీద అరబీ విభక్తులు ఎప్పటినుంచో వేలాడుతున్నాయి.

రెండో మెట్టు: అల్ ఉందా, తోక ఉందా

మామూలు మాటకు ఏ తోడూ లేకపోతే చివర రెట్టింపు గుర్తు, తన్వీన్ వస్తుంది: ఉన్, అన్, ఇన్. ముందు ‘అల్’ (‘ఫలానా’ అని నిర్దిష్టం చేసేది) చేరినా, వెనక తోకలా ముదాఫ్ ఇలైహ్ చేరినా ఆ ‘న్’ పోయి ఒంటి గుర్తు మిగులుతుంది. కితాబున్, అల్ కితాబు, కితాబు యూసుఫ. రాబోయే ప్రతి మెట్టులోనూ ఈ ప్రశ్న పనికొస్తుంది, కాబట్టి ఒక్కో మాట పక్కన ‘అల్’ అనో ‘ముదాఫ్’ అనో ‘ఒంటరి’ అనో రాసుకోండి.

మూడో మెట్టు: చివర్న గుర్తు మారిందా, అక్షరమే మారిందా

కొన్ని తరగతుల్లో పొట్టి అచ్చు గుర్తుకు బదులు పొడుగు అక్షరమే మారుతుంది. హరకత్‌లు లేని అరబీ పత్రికలో కూడా కనిపించే తేడాలివే. గల్ఫ్ దేశాల్లో ఉంటూ అక్కడి పత్రికలు చదవాలనుకునేవాళ్లు ముందుగా ఈ మెట్టు గట్టి చేసుకోవాలి. వీధిలో మాట్లాడే అరబీలో పొట్టి అచ్చుల చివర్లు ఎలాగూ పలకరు.

మొదట అయిదు నామవాచకాలు. అబ్ (తండ్రి), అఖ్ (సోదరుడు), హమ్ (వివాహ బంధువు), ఫూ (నోరు), జూ (కలిగినవాడు). అరుదైన ఇంకో మాటను కలిపి మన మదరసాల్లో ‘అస్మాయె సిత్తా’, ఆరు నామవాచకాలు, అంటారు. వీటికి రఫ్అలో ఊ, నస్బ్‌లో ఆ, జర్ర్‌లో ఈ వస్తాయి. మూడూ ఒకేచోట చూడాలంటే 8వ ఆయత్ తీయండి. అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారు: ‘ల యూసుఫు వ అఖూహు అహబ్బు ఇలా అబీనా మిన్నా వ నహ్ను ఉస్బతున్, ఇన్న అబానా లఫీ దలాలిన్ ముబీన్’. యూసుఫ్, అతని తమ్ముడు మన తండ్రికి మనకంటే ఇష్టులు, మనమేమో బలమైన గుంపు, మన తండ్రి స్పష్టమైన పొరపాటులో ఉన్నాడు అని. అఖూహు ఉద్దేశ్యం కాబట్టి ‘ఊ’. అబీనా ముందు ‘ఇలా’ ఉంది కాబట్టి ‘ఈ’. అబానా ‘ఇన్న’ వెనక వచ్చింది కాబట్టి ‘ఆ’. ఒకే నోటి నుంచి ఒక్క గుక్కలో వచ్చిన మాటలివి. ఈ ఆయత్‌ను కంఠస్థం చేస్తే ఆ తరగతికి వేరే పట్టిక అక్కర్లేదు.

ఈ నియమానికి షరతులున్నాయి, వాటిని వదిలేస్తే బోల్తా పడతాం. మాట ఏకవచనంలో ఉండాలి. వెనక ముదాఫ్ ఇలైహ్ ఉండాలి. ఆ వెనకది ‘నా’ అనే ‘ఈ’ కాకూడదు. చివరి రెండు షరతులకూ సాక్ష్యాలు ఇవిగో. 78లో ‘ఇన్న లహూ అబన్ షైఖన్ కబీరన్’, అతనికి ముసలి తండ్రి ఉన్నాడు అని. అక్కడ అబ్ ఒంటరి కాబట్టి మామూలు మాటలా తన్వీన్ తీసుకుంది. 93లో ‘అలా వజ్హి అబీ’, నా తండ్రి ముఖం మీద. ఇక్కడి ‘ఈ’ జర్ర్ గుర్తు కాదు, ‘నా’ అన్న మాట. రఫ్అలోనూ నస్బ్‌లోనూ కూడా అది ‘అబీ’గానే ఉంటుంది.

జూ కోసం 68, 76 పక్కపక్కన పెట్టండి. ‘వ ఇన్నహూ లజూ ఇల్మిన్’, అతను జ్ఞానం కలవాడు. ‘వ ఫౌఖ కుల్లి జీ ఇల్మిన్ అలీమ్’, జ్ఞానం కల ప్రతివాడి పైనా మరో జ్ఞాని ఉన్నాడు. జూ, జీ. ముస్లిం మాసాల్లో చివరిదాన్ని కొందరు జుల్‌హిజ్జా అని, కొందరు జిల్‌హేజ్ అని అనడం వెనక ఉన్నది కూడా ఈ రెండు రూపాలే. భద్రాచలం రామదాసు కథతో మనకు పరిచయమైన తానీషా అసలు పేరు అబుల్ హసన్. అరబీ వాక్యంలో ఆయన కర్మ అయితే అబల్ హసన్, ‘ఇలా’ వెనక వస్తే అబిల్ హసన్. ‘అల్’ తగలడంతో పొడుగు అచ్చు పలుకులో పొట్టిదవుతుంది, రాతలో మాత్రం అక్షరం ఉంటుంది. అలీ ఇబ్న్ అబీ తాలిబ్‌లో ‘అబూ’ కాక ‘అబీ’ ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు: ఇబ్న్ ముదాఫ్, దాని వెనకది జర్ర్.

తర్వాత ద్వివచనం. అరబీలో ఇద్దరికి విడిగా రూపం ఉంది. రఫ్అలో ‘ఆని’, నస్బ్, జర్ర్ రెంటిలోనూ ‘ఐని’. 36లో ‘దఖల మఅహుస్ సిజ్న ఫతయాని’, అతనితో పాటు ఇద్దరు యువకులు చెరసాలలోకి వచ్చారు. ముదాఫ్ అయితే చివరి ‘ని’ రాలిపోతుంది. 84లో యాఖూబ్ ‘ఐనాహు’, అతని రెండు కళ్లు, దుఃఖంతో తెల్లబడ్డాయి: కర్త కాబట్టి ‘ఆ’. 100లో ‘వ రఫఅ అబవైహి’, తల్లిదండ్రులిద్దరినీ సింహాసనం మీద కూర్చోబెట్టాడు: కర్మ కాబట్టి ‘ఐ’. 6లో ‘అలా అబవైక’: జర్ర్, అదే ‘ఐ’. బహ్రైన్ అన్న దేశం పేరులో ఉన్నది కూడా ఈ ‘ఐన్’ రూపమే. హస్నైన్ అన్న పేరూ అంతే.

పురుష బహువచనం, మదరసా పరిభాషలో ‘జమా ముజక్కర్ సాలిం’, దీనికి తోబుట్టువు. రఫ్అలో ‘ఊన’, మిగతా రెంటిలో ‘ఈన’. 11లో అన్నదమ్ములు ‘లనాసిహూన’, మేం అతని మేలు కోరేవాళ్లం, అని ధీమాగా అంటారు; ‘ఇన్న’ విధేయం రఫ్అ. 97లో అదే నోళ్లు ‘ఇన్నా కున్నా ఖాతియీన’, మేం తప్పు చేసినవాళ్లం అంటాయి. ‘కాన’ విధేయం నస్బ్. ముదాఫ్ అయితే ఇక్కడా ‘న’ పోతుంది. ద్వివచనంలో ‘ఐని’, బహువచనంలో ‘ఈన’: హరకత్‌లు లేనప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పత్రిక చదివేటప్పుడు సందర్భం చూసి తేల్చుకోవాలి.

నాలుగో మెట్టు: ‘ఆత్’ చివర

స్త్రీ బహువచనం, ‘ఆత్’తో ముగిసేది, ఒక్క చోటే మామూలు దారి తప్పుతుంది. రఫ్అలో ఆతున్, జర్ర్‌లో ఆతిన్, నస్బ్‌లో కూడా ఆతిన్. దీనికి ఫత్హా రాదు. 35లోని ‘రఅవుల్ ఆయాతి’ సంగతి ఇదే. తేడా పక్కపక్కనే చూడాలంటే 29వ సూరా 44: ‘ఖలఖల్లాహుస్ సమావాతి వల్ అర్ద’, అల్లాహ్ ఆకాశాలను, భూమిని సృష్టించాడు. రెండూ కర్మలే, స్థానం ఒకటే. ఒకదానికి ఇ, ఇంకోదానికి అ.

అయితే ‘ఆత్’తో ముగిసిన ప్రతిదీ ఈ తరగతి కాదు. ఆ ‘త్’ అదనంగా చేరినదో, మాట వేరులోనే (మూలాక్షరాల్లోనే) ఉన్నదో చూడండి. ఏకవచనం తీసి చూస్తే తెలిసిపోతుంది. ‘సౌత్’ అంటే గొంతు, బహువచనం అస్వాత్. ఏకవచనంలోనే ‘త్’ ఉంది. అందుకే 49వ సూరా 2లో ‘లా తర్ఫఊ అస్వాతకుం’, మీ గొంతులు పెంచకండి అన్నచోట ఫత్హా వచ్చింది.

అయిదో మెట్టు: గైర్ మున్సరిఫ్

అసలు కొండ ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. కొన్ని మాటలు తన్వీన్ తీసుకోవు, జర్ర్‌లో కస్రా బదులు ఫత్హా తీసుకుంటాయి. రఫ్అలో ఉ, నస్బ్‌లో అ, జర్ర్‌లోనూ అ.

ముస్‌హఫ్‌లో వీటిని పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. రెండో మెట్టులో ‘ఒంటరి’ అని రాసుకున్న మాటకు రెండు గీతలో రెండు పేష్‌లో (‘ఉ’ గుర్తులో) ఉండాలి. అల్ లేదు, ముదాఫ్ కాదు, అయినా ఒంటి గుర్తే ఉంటే అది గైర్ మున్సరిఫ్ అయ్యే అవకాశం ఎక్కువ. ముందు ఇలా గుర్తుపట్టండి, కారణం తర్వాత వెతకండి.

కారణాలు మూడు గుంపులు. మొదటిది, ఒక్క కారణమే చాలినవి, రెండోది అక్కర్లేనివి. అలిఫ్ తర్వాత రెండు అక్షరాలు, లేదా మధ్యలో ‘ఈ’తో మూడు అక్షరాలు వచ్చే బహువచనాలు ఇందులోకి వస్తాయి: మసాజిద్, మదారిస్, దరాహిమ్, మఫాతీహ్. 20వ ఆయత్‌లో యూసుఫ్‌ను ‘బిసమనిన్ బఖ్సిన్ దరాహిమ మఅదూదతిన్’, కొద్దిపాటి దిర్హములకు, అమ్మేశారు. చుట్టూ ఉన్నవన్నీ ‘ఇన్’ అంటుంటే మధ్యలో దరాహిమ ఒక్కటే ‘అ’. చివర గుండ్రటి ‘త’ చేరితే మాత్రం మాట ఈ గుంపు నుంచి బయటపడుతుంది: మలాయికతున్ మామూలు మాటే.

స్త్రీవాచక అలిఫ్ కూడా ఈ గుంపుదే: సహ్రాఉ (ఎడారి), ఉలమాఉ, ఫుఖరాఉ. ఇక్కడా ‘ఆత్’ దగ్గర చేసిన పరీక్షే చేయాలి. 40వ ఆయత్‌లో ‘అస్మాఅన్’, పేర్లను, అని తన్వీన్‌తో ఉంది. చూడడానికి ఉలమా లాంటిదే, కానీ దాని చివర ఉన్నది మాట వేరు నుంచి వచ్చిన అక్షరం, అదనం కాదు. ‘అష్యాఅ’ (వస్తువులు) ఒక్కటి ఈ పరీక్షకు లొంగదు. 5వ సూరా 101లో ‘అన్ అష్యాఅ’ అని గైర్ మున్సరిఫ్‌గానే వస్తుంది. ఎందుకన్నదాని మీద బస్రా, కూఫా పండితులు వాదించుకున్నారు. మీరు దాన్ని అలాగే గుర్తుపెట్టుకుని ముందుకు సాగండి.

రెండో గుంపు పేర్లు. పేరు కావడం ఒక కారణం, దానికి ఇంకొకటి తోడవ్వాలి. స్త్రీ పేరు గానీ స్త్రీ రూపంలో ఉన్న పేరు గానీ కావచ్చు: ఫాతిమా, జైనబ్, మగవాడి పేరైన హమ్జా కూడా. అరబీది కాని పేరు కావచ్చు: యూసుఫ్, ఇబ్రాహీం, యాఖూబ్. చివర అదనపు ‘ఆన్’ ఉన్నది: ఉస్మాన్. క్రియ అచ్చులో, అంటే క్రియ మూసలో, ఉన్నది: అహ్మద్. ఫుఅల్ అచ్చులోది: ఉమర్. రెండు మాటలు అతికి ఒకటైనది: హద్రమౌత్. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల పూర్వీకుల సీమ అది. ‘మిన్ హద్రమౌత’ అంటారు, ‘హద్రమౌతి’ అనరు. మన ఊళ్లూ అరబీ వాక్యంలోకి వెళితే ఈ గుంపులోకే వస్తాయి: ఫీ హైదరాబాద, ఇలా కర్నూల. దేశం పేరుకు అల్ ఉంది కాబట్టి ఫిల్ హింది.

ముహమ్మద్, అహ్మద్ రెండూ ఒకే వేరు నుంచి పుట్టిన పేర్లు, ఇద్దరూ ఒకరే. అయినా 48వ సూరా చివరి ఆయత్‌లో ‘ముహమ్మదున్’ అని తన్వీన్ ఉంటుంది, 61వ సూరా 6లో ‘ఇస్ముహూ అహ్మదు’ అని ఒంటి గుర్తే. అహ్మద్‌కు క్రియ అచ్చు ఉంది, ముహమ్మద్‌కు లేదు. తరగతిని నిర్ణయించేది మాట ఆకారమేనని ఇంతకంటే స్పష్టంగా చూపించే జంట నాకు కనిపించలేదు.

అరబీది కాని పేరైనా మూడక్షరాలదై మధ్య అక్షరం నిశ్శబ్దంగా ఉంటే తేలిక కాబట్టి తన్వీన్ తీసుకుంటుంది: నూహున్, లూతున్. మిస్ర్ సంగతి ఇంకా ఆసక్తికరం. 21లో ‘మిన్ మిస్ర’, 99లో ‘ఉద్‌ఖులూ మిస్ర’, ఈజిప్టులోకి రండి. అదే 2వ సూరా 61లో ‘ఇహ్బితూ మిస్రన్’, ఏదైనా ఒక పట్టణానికి దిగిపోండి. పేరుగా నిలిచినచోట ఒంటి గుర్తు, మామూలు మాటగా వాడినచోట తన్వీన్.

మూడో గుంపు విశేషణాలు. అఫ్అల్ అచ్చులోవి: అక్బర్, అహ్మర్, 8వ ఆయత్‌లో మనం దాటుకొచ్చిన ‘అహబ్బు’ కూడా ఇదే. స్త్రీరూపం ‘ఫఅలా’గా వచ్చే ఫఅలాన్ అచ్చులోవి: సక్రాన్, గద్బాన్. అసలు రూపం నుంచి మళ్లినవని పండితులు చెప్పేవి: ఉఖర్ లాంటివి. 2వ సూరా 184లో ‘మిన్ అయ్యామిన్ ఉఖర’, వేరే రోజుల్లో: విశేష్యానికి ‘ఇన్’, విశేషణానికి ‘అ’. రెండూ జర్రే.

చివరగా మరిచిపోకూడని తలుపు ఒకటుంది. గైర్ మున్సరిఫ్ మాటకు అల్ చేరినా, అది ముదాఫ్ అయినా, కస్రా తిరిగొస్తుంది. 55లో యూసుఫ్ రాజుతో ‘ఇజ్అల్నీ అలా ఖజాయినిల్ అర్ది’, దేశపు గిడ్డంగుల మీద నన్ను నియమించు అంటాడు. ఖజాయిన్ అచ్చంగా దరాహిమ్ అచ్చే. కానీ ఇక్కడ ముదాఫ్, కాబట్టి ‘ని’. రెండో మెట్టులో తోక ఉందా అని అడిగి రాసుకోమన్నది ఇందుకే.

ఆరో మెట్టు: గుర్తు కనబడకపోతే

కొన్ని మాటల్లో స్థానం ఉంటుంది, గుర్తు వినబడదు. ‘ఆ’తో ముగిసే మూసా, ఈసా, ఫతా లాంటివి (ఇస్మె మఖ్సూర్) మూడు స్థానాల్లోనూ కదలవు. 111వ ఆయత్‌లో ‘వ హుదన్ వ రహ్మతన్’ ఉంది. రహ్మతన్‌లో నస్బ్ కనిపిస్తోంది. హుదన్ కూడా నస్బే, కానీ 2వ సూరా 2వ ఆయత్‌లో రఫ్అ స్థానంలోనూ అది ‘హుదన్’ అనే ఉంటుంది. ఇలాంటప్పుడు పక్క మాటను సాక్షిగా పిలవాలి.

‘ఈ’తో ముగిసేవి (ఇస్మె మన్ఖూస్) సగం కనిపిస్తాయి. మన ఖాజీ, అరబీ పలుకులో ఖాదీ, అల్ ఉన్నప్పుడు రఫ్అలో, జర్ర్‌లో అల్ ఖాదీ, నస్బ్‌లో మాత్రం అల్ ఖాదియ. ఒంటరిగా ఉంటే ఖాదిన్, ఖాదియన్, ఖాదిన్. అందువల్ల ‘ఇన్’ విని జర్ర్ అని తేల్చేయకండి. 42లో ‘అన్నహూ నాజిన్’, అతను బయటపడతాడు అన్నచోట నాజిన్ రఫ్అ. వేలితో మూసి స్థానం చెప్పే అలవాటు ఇక్కడ మిమ్మల్ని కాపాడుతుంది. ‘నా’ చేరిన మాటలు, కితాబీ, అఖీ లాంటివి, కూడా గుర్తును దాచేస్తాయి.

హాజా, హాజిహీ, అల్లజీ లాంటివి అసలు మారని మాటలు. వాటిని ఈ వరసలోకి లాగకండి.

అన్నీ కలిపి ఒక పరీక్ష

యూసుఫ్ సూరా బయట 4వ సూరా 163 తీసుకోండి. ‘ఇన్నా ఔహైనా ఇలైక కమా ఔహైనా ఇలా నూహిన్ వన్ నబియ్యీన మిన్ బఅదిహీ, వ ఔహైనా ఇలా ఇబ్రాహీమ వ ఇస్మాయీల వ ఇస్హాఖ వ యఅఖూబ వల్ అస్బాతి వ ఈసా వ అయ్యూబ వ యూనుస వ హారూన వ సులైమాన, వ ఆతైనా దావూద జబూరా’.

‘ఇలా’ వెనక ఉన్న నూహ్ జర్ర్. ఒంటరి, మూడక్షరాల పేరు, కాబట్టి నూహిన్. నబియ్యీన దానికి జత, అదీ జర్రే. పురుష బహువచనం కాబట్టి ‘ఈన’. బఅది మామూలు మాట, ముదాఫ్, ఒంటి కస్రా. ఇబ్రాహీం నుంచి యాఖూబ్ దాకా జర్ర్, అరబీది కాని పేర్లు, కాబట్టి ఫత్హా. అస్బాత్ ‘ఆత్’తో ముగిసింది గానీ ఏకవచనం సిబ్త్; చివరిది వేరు అక్షరమే, పైగా అరబీలో అది వేరే ‘త’. మామూలు విరుపు బహువచనం (మాట లోపలి రూపమే మారి వచ్చేది), అల్ ఉంది, కాబట్టి ‘అస్బాతి’. ఈసా జర్రే, గుర్తు దాగింది. తర్వాత నలుగురూ మళ్లీ ఫత్హా.

ఇక దావూద. దీనికీ ఫత్హాయే, కానీ ఇది జర్ర్ కాదు. ‘ఆతైనా’, ఇచ్చాం, అన్న క్రియకు కర్మ. పది పేర్ల వరస విని అలవాటుగా దీన్ని కూడా అందులో కలిపేస్తాం. ఫత్హా ఒకటే, స్థానం మారిపోయింది. జబూరా అసలు ‘జబూరన్’, రెండో కర్మ. ఆయత్ చివర ఆగడం వల్ల ‘అన్’ కాస్తా ‘ఆ’ అయింది.

తర్వాతిది మీరే చేయండి. యూసుఫ్ సూరా 7: ‘లఖద్ కాన ఫీ యూసుఫ వ ఇఖ్వతిహీ ఆయాతున్ లిస్ సాయిలీన’. ఇందులో నామవాచకాలు నాలుగు, తరగతులూ నాలుగే. ఒక చిక్కు మాత్రం ముందే చెబుతున్నాను: ‘కాన’ చూడగానే నస్బ్ వెతకకండి, దాని ఉద్దేశ్యం ఎక్కడ కూర్చుందో ముందు కనిపెట్టండి.